కొనే ముందు మిద్దెక్కి చూడండి
(సిగ్నల్ కష్టాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సిగ్నల్ గురించే. వైఫై లోపలి గదికి రాదు, చినుకు పడితే టీవీ ఆగిపోతుంది, రేడియోలో గరగర, ఫోన్ మోగితే వీధిలోకి పరిగెత్తాలి. దాదాపు అన్ని ఉత్తరాల్లోనూ ఇంకో సంగతి కూడా కనిపించింది. అప్పటికే ఎవరో చెప్పారని ఏదో ఒకటి కొనేశారు, డబ్బు పోయింది, పని మాత్రం కాలేదు. కర్నూల్లో చాలా ఏళ్లుగా ఈ రిపేర్ల పనే చేస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్పగలను, చాలా ఇళ్లలో కొత్త వస్తువు అవసరమే ఉండదు. ఇంటి దాకా వచ్చిన సిగ్నల్ ఎక్కడో ఒక గోడ దగ్గరో, చెట్టు దగ్గరో, తుప్పు పట్టిన జాయింటు దగ్గరో ఆగిపోయి ఉంటుంది. అది ఎక్కడ ఆగిందో వెతకడానికి ఒక పూట పడుతుంది, అంతే.

ప్రశ్న: మాది పాత ఊళ్లో తాతల నాటి రాతి ఇల్లు. పడసాలలో వైఫై బాగా వస్తుంది, నడిమింట్లోకి పోతే ఒక గీత, వెనక గదిలో పిల్లాడు చదువుకునే చోట అసలు లేదు. షాపులో అడిగితే ఆరు యాంటెన్నాల రౌటర్ తీసుకోమన్నారు. నాలుగు వేలు పెట్టి తెచ్చాం, తేడా ఏమీ లేదు. ఇంకా పెద్దది కొనాలా?
– ఒక గృహిణి, ఆదోని

జవాబు: వద్దమ్మా, ఇంక రూపాయి పెట్టొద్దు. ముందు మీ నడిమింటి తలుపు దగ్గర నిలబడి గోడ మందం జానతో కొలవండి. రెండు జానలకు తక్కువ ఉండదు. పాత మిద్దెల గోడలు అడుగున్నర, రెండడుగులు, అంతా రాయి, మధ్యలో మట్టి. ఎండాకాలం ఇల్లు చల్లగా ఉండటానికి కారణం ఆ గోడే, వైఫై ఆగిపోవడానికి కారణమూ ఆ గోడే. ఇప్పటి ఇటుక గోడ ఒకటి దాటినా వైఫైకి ఇంకా బలం మిగులుతుంది గానీ, అంత రాయి దాటేసరికి మిగిలేది చాలా కొంచెం, రెండో గోడ కూడా దాటాలంటే ఇంక ఏమీ ఉండదు.

ఆరు యాంటెన్నాల సంగతి. రౌటర్ ఎంత బలంగా పంపొచ్చో దానికి ప్రభుత్వం పెట్టిన హద్దు ఉంది, రెండు యాంటెన్నాలున్నా ఆరున్నా ఆ హద్దు లోపలే పనిచేయాలి. పైగా వైఫై అంటే రేడియో లాగా ఒకవైపు నుంచి వచ్చే మాట కాదు. రౌటర్ పంపింది ఫోన్ అందుకోవాలి, ఫోన్ పంపింది రౌటర్ అందుకోవాలి. ఫోన్‌కు ఉండేది చిన్న బ్యాటరీ, చిన్న యాంటెన్నా, దాని గొంతు చిన్నది. రౌటర్ ఎంత పెద్దదైనా వెనక గదిలోంచి ఫోన్ ఇచ్చే బదులు ఆ గోడలు దాటి రావాలి కదా.

మీ ఉత్తరంలో రాయలేదు గానీ, రౌటర్ గూట్లో పెట్టారని నా అనుమానం. పాత ఇళ్లకు పోయిన ప్రతిసారీ చూస్తుంటాను, దీపం గూడు ఖాళీగా ఉంది కదా అని, పిల్లలకు అందదు అని రౌటర్‌ను అందులో కూర్చోబెడతారు. గూడు అంటే మూడు పక్కలా, పైనా కిందా రాయే. ముందు దాన్ని బయటికి తీయండి. పడసాల నుంచి నడిమింటికి, అక్కడి నుంచి వెనక గదికి తలుపులు ఒకే వరసలో ఉంటే (పాత ఇళ్లలో చాలావరకు అలాగే కడతారు, వాకిట్లో నిలబడితే పెరడు కనిపిస్తుంది) ఆ వరసకు ఎదురుగా, మనిషి తల ఎత్తున మేకు కొట్టి తగిలించండి. తలుపు తెరిచి ఉంటే సిగ్నల్‌కు అదే దారి. బీరువా పక్కన, టీవీ వెనక, ఫ్రిజ్ మీద వద్దు, ఇనుము అడ్డం వస్తుంది. వేసవిలో కూలర్ పక్కన కూడా వద్దు, దాని నిండా నీళ్లు ఉంటాయి, నీళ్లు ఈ తరంగాన్ని బాగా పీల్చుకుంటాయి.

ఇంకోటి, మీ రౌటర్ రెండు పేర్లు చూపిస్తుంటే ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. 5 వేగంగా ఉంటుంది గానీ గోడ దాటడంలో బలహీనం. పడసాలలో 5 వాడండి, లోపలి గదుల్లో 2.4 వాడండి. ఈ ఒక్క మార్పుతోనే నడిమింట్లో తేడా తెలుస్తుంది.

వెనక గదికి మాత్రం నా సలహా కేబులే. పడసాల రౌటర్ నుంచి వెనక గది దాకా ఒక లాన్ కేబుల్ లాగి, మీ పాత రౌటర్ పారేయకుండా ఉంచి ఉంటే దాన్నే అక్కడ రెండో చివర పెట్టండి. దాని సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ అని ఉంటుంది, అది ఎంచుకోవాలి. ఈ కేబుల్ వంద మీటర్ల దాకా బాగా పనిచేస్తుంది, మీ ఇంటికి ఇరవై మీటర్లు చాలేమో. గోడకు రంధ్రం కొట్టక్కర్లేదు, తలుపు చట్రం పక్కన పైనుంచి తీసుకుపోవచ్చు. కేబుల్ లేకుండా రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ ముందుకు పంపే డబ్బా) పెట్టుకుంటామంటే దాన్ని సిగ్నల్ లేని వెనక గదిలో పెట్టకండి, అందరూ చేసే తప్పు అదే. దానికి తినడానికి ఏమైనా దొరికితేనే కదా ఇంకొకరికి పెట్టగలిగేది, సిగ్నల్ ఇంకా బాగా ఉన్న నడిమింటి గడప దగ్గర పెట్టాలి. అలా పెట్టినా మామూలు రిపీటర్‌తో వేగం సగానికి పడుతుంది. పిల్లాడి చదువు కోసం కాబట్టి కేబులే మేలు.

ప్రశ్న: మాది ఫ్రీ డిష్. రెండేళ్లు బాగా వచ్చింది. ఈ వానాకాలం నుంచి నాలుగు చినుకులు పడితే చాలు సిగ్నల్ లేదని చూపిస్తుంది. కొన్ని ఛానళ్లు ఎండ కాస్తున్నా రావడం లేదు. ఒక మెకానిక్ వచ్చి, ఎదురింటి వాళ్లు ఇంకో అంతస్తు లేపారు అది అడ్డం, పెద్ద డిష్ వేయాలి అన్నాడు. నిజమేనా?
– రిటైర్డ్ టీచర్, ప్రొద్దుటూరు

జవాబు: సార్, ఎదురిల్లు మీకు ఏ దిక్కున ఉందో ముందు చూడండి. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి. అది భూమధ్యరేఖకు పైన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మన కర్నూలు, అనంతపురం, కడప ఎక్కడి నుంచి చూసినా లెక్క ప్రకారం అది దాదాపుగా ఆగ్నేయం మూలనే పడుతుంది. వంటగది ఏ మూలకు కట్టుకుంటామో ఆ మూల. ఎత్తు కూడా ఎక్కువే, నేల నుంచి 64, 66 డిగ్రీల మధ్య, అంటే తల బాగా వెనక్కి వంచితే గానీ చూపు అంత పైకి పోదు. డిష్ చూస్తే మాత్రం ముందుకు, ఎదురింటి కిటికీలోకి చూస్తున్నట్టు నిలబడి ఉంటుంది. దాన్ని చూసే చాలామంది మోసపోతారు. ఆ పళ్లెం తయారీలోనే కొంచెం పక్కకు కోసిన ఆకారం, అందుకే నిటారుగా కనిపించినా అది అందుకునేది పైనుంచి వచ్చేదాన్నే.

కాబట్టి ఒక తేలిక లెక్క పెట్టుకోండి. ఆగ్నేయం వైపు ఉన్న చెట్టు గానీ గోడ గానీ మీ డిష్ కంటే ఎంత ఎత్తుందో, అందులో సగం దూరం లోపల ఉంటేనే అడ్డం. డిష్ కంటే ఇరవై అడుగులు ఎత్తున్న వేపచెట్టు పది అడుగుల లోపు ఉంటే నరకాలి, లేదా డిష్ జరపాలి. అంతకన్నా దూరం ఉంటే దాని జోలికి పోనక్కర్లేదు. ఎదురిల్లు అంటే రోడ్డుకు అవతలే కదా, రోడ్డే ఇరవై అడుగులు ఉంటుంది, ఒక్క అంతస్తు లేపితే అడ్డం వచ్చే అవకాశం నాకు కనిపించడం లేదు.

మరి అసలు సంగతేమిటి? మీ ఉత్తరంలోనే ఉంది, కొన్ని ఛానళ్లు ఎండలోనూ రావడం లేదన్నారు. డిష్ ముందు చేతిలాగా ఉండే కడ్డీ చివర చిన్న డబ్బా ఉంటుంది కదా, ఎల్ఎన్‌బీ అంటారు, పళ్లెం పట్టిన సిగ్నల్ అందుకునేది అదే. దాన్నుంచి ఇంట్లోకి వచ్చేది ఒకటే కేబుల్, దానికి కరెంటు పోయేది కూడా ఆ ఒక్క కేబుల్ ద్వారానే.  దారిలో జాయింటు పాడైతే కొన్ని ఛానళ్లు వచ్చి కొన్ని పోవచ్చు. కొన్ని మాత్రమే పోయాయంటే నేను ముందు అనుమానించేది డిష్‌ను కాదు, కేబుల్‌ను.

టీవీ దగ్గరి సెట్‌టాప్ పెట్టె కరెంటు ఆపేసి మిద్దె మీదికి పోయి ఎల్ఎన్‌బీ దగ్గరి కనెక్టర్ చేత్తో తిప్పి ఊడదీయండి. మధ్యలో ఒకే ఒక తీగ కనిపిస్తుంది. కొత్తదైతే రాగి రంగులో మెరుస్తుంది, మీది బహుశా నల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, పాత చెంబుకు పడుతుందే, అదే. తీగ చుట్టూ సన్నటి వెండి వెంట్రుకల్లాంటి అల్లిక ఉంటుంది, అందులో ఒక్క పోగు వచ్చి మధ్య తీగను తాకినా సిగ్నల్ పోయినట్టే. చిలుము పట్టిన ముక్కను జానెడు దాకా కోసేసి, కొత్త కనెక్టర్ వేసి, మధ్య తీగ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండేలా బిగించాలి. కనెక్టర్ ఖరీదు టీ డబ్బులంత. పోయిన ఏడు నంద్యాలలో ఒక ఇంట్లో రెండుసార్లు ఎల్ఎన్‌బీ మార్చారు, ఒకసారి పెట్టె మార్చారు. చివరికి చూస్తే పిట్టగోడ పక్కన కేబుల్‌ను రెండు ముక్కలు మెలిపెట్టి టేపు చుట్టి ఉంది, టేపు ఎండకు విడిపోయి వాన నీళ్లు లోపలికి దిగాయి. ఆ కుటుంబం పెట్టిన ఖర్చు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కేబుల్ ఇంట్లోకి దూరే చోట కిటికీ కంటే కిందికి ఒక వంపు తిప్పి, మళ్లీ పైకి తీసుకుని లోపలికి పంపండి. నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఎల్ఎన్‌బీ మూతి మీద ఉండే ప్లాస్టిక్ మూత మన ఎండలకు నాలుగైదేళ్లలో పగులుతుంది, అది కూడా చూడండి.

వాన సంగతి. ఈ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే, పెద్ద చినుకులు దాన్ని మింగేస్తాయి, కుండపోత వాన కురిసే పది పదిహేను నిమిషాలు ఎంత మంచి డిష్ అయినా ఆగుతుంది. దానికి మందు లేదు. నాలుగు చినుకులకే ఆగుతోందంటే మాత్రం ఎండ రోజుల్లో కూడా మీకు అంచు మీద నడుస్తోందని అర్థం. పెట్టె మెనూలో సిగ్నల్ పేజీ తెరిస్తే రెండు అంకెలు కనిపిస్తాయి, బలం ఒకటి, నాణ్యత ఒకటి. నాణ్యతనే చూడండి. బలం ఎనభై ఉన్నా నాణ్యత లేకపోతే బొమ్మ రాదు, ఎందుకంటే ఆ బలంలో చెత్త శబ్దం కూడా కలిసే ఉంటుంది. కనెక్టర్ మార్చక ముందు ఒకసారి, మార్చాక ఒకసారి నాణ్యత రాసిపెట్టుకోండి సార్, తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: ఆషాఢం గాలి మొదలైతే మా టీవీ వస్తా పోతా ఉంటుంది. ప్రతి ఏడూ మనిషిని పిలిచి తిప్పించుకోవాల్సి వస్తోంది. దారేమైనా ఉందా అన్నా?
– ఉరవకొండ దగ్గరి పల్లె నుంచి

జవాబు: ఉంది తమ్ముడూ. మీ వైపు గాలికి గాలిమరలే తిరుగుతున్నాయి, పళ్లెం తిరగదా? రెండడుగుల డిష్ ఆకాశంలో చూసేది మూడు డిగ్రీల వెడల్పు ముక్క మాత్రమే, ఒకటిన్నర డిగ్రీ పక్కకు జరిగితే ఉపగ్రహం దాని చూపులోంచి తప్పిపోతుంది. కంటికి కదిలినట్టు కూడా కనిపించదు. కాబట్టి కాళ్ల కింద ఇటుకలు, ఇసుక మూట పెట్టే పద్ధతి మానేసి, మిద్దె కప్పు మీదో గట్టి గోడకో నాలుగు బోల్టులతో స్టాండ్ బిగించండి. పైపు అటూ ఇటూ ఊగకుండా నిటారుగా ఉందో లేదో మేస్త్రీ వాడే తూకం గుండుతో చూడండి. ఒకసారి సరిగ్గా తిప్పించాక నట్లు తుప్పు పట్టకుండా గ్రీజు రాసి, క్లాంపు మీదా పైపు మీదా కలిసేలా ఒక అడ్డగీత పెయింటుతో గీయండి. వచ్చే ఏడు గాలికి జరిగితే ఆ రెండు గీతలను మళ్లీ కలిపి బిగిస్తే చాలు, మనిషిని పిలవక్కర్లేదు.

పైపు నిలబెట్టేటప్పుడు ఒక్కసారి తల ఎత్తి కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి. పైపు ఎంత పొడవో అంతకు రెండింతల దూరం లేకపోతే ఆ చోటు వద్దు. చెయ్యి జారి పైపు తీగల మీద పడితే పట్టుకున్న మనిషి బతకడు. ఇది మాత్రం దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రశ్న: మా నాయన కడప రేడియో వినకుండా నిద్రపోడు. చేను దగ్గర బాగా వస్తుంది, ఇంటికి తెస్తే ఒకటే గరగర. కొత్త రేడియో కొనిచ్చినా అంతే. సెల్లులో వినమంటే వినడు.
– ఒక రైతు, వేంపల్లె

జవాబు: ఆయన్ను సెల్లుకు మార్చొద్దు, రేడియోనే బాగు చేసుకుందాం. కడప కేంద్రం మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ తరంగం ఒక్కొక్కటి 333 మీటర్ల పొడవు, అంత పెద్ద అలకు గుట్టా మిట్టా లెక్క లేదు, నేలను పట్టుకుని చాలా దూరం పాకుతూ పోతుంది. అందుకే కొండల చాటున్న పల్లెల్లో కూడా అది వినిపిస్తుంది. చేను దగ్గర బాగా వస్తోందంటే సిగ్నల్‌కు లోటు లేదు, గరగర మీ ఇంట్లోనే పుడుతోంది.

ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడానికి సులువైన పని ఒకటుంది. రాత్రి రేడియోలో బ్యాటరీలు వేసి, అది గరగరమంటుండగా మీటరు దగ్గర మెయిన్ ఆపేయండి. నిశ్శబ్దమై వార్తలు వినిపించాయా? దొంగ దొరికినట్టే. మళ్లీ మెయిన్ వేసి ఒక్కొక్కటే స్విచ్ వేసుకుంటూ పోండి. ఎక్కువగా దొరికేది చవక ఎల్ఈడీ బల్బు, లేకపోతే సెల్లు చార్జరు, ఇన్వర్టరు. లోపల కరెంటును చాలా వేగంగా తెంచి కలిపే చిన్న సర్క్యూట్ ఉంటుంది, అది సరిగ్గా ఈ మీడియం వేవ్‌లోనే గోల చేస్తుంది. చార్జర్లు ఫోన్ తగిలించకపోయినా ప్లగ్గులో ఉంటే కొన్ని గోల చేస్తూనే ఉంటాయి. మెయిన్ ఆపినా గరగర తగ్గకపోతే పక్కింటిదో, వీధి దీపానిదో.

తర్వాత రేడియోను తిప్పడం. రేడియో లోపల పైభాగాన నల్లటి కడ్డీ, దాని మీద వెంట్రుకంత రాగి తీగ చుట్టి ఉంటుంది, మీడియం వేవ్‌కు అదే యాంటెన్నా, పైకి లాగే కడ్డీకి దీనికి సంబంధం లేదు. ఆ నల్ల కడ్డీ పక్క భాగం స్టేషన్ వైపు ఉంటే బాగా అందుకుంటుంది, కొన స్టేషన్ వైపు ఉంటే దాదాపు అందుకోదు. కాబట్టి మంచం పక్కన రేడియోను ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిప్పమనండి, ఒక చోట గొంతు నిండుగా వస్తుంది. గోల వచ్చే వైపు కడ్డీ కొన పెడితే గోల కూడా తగ్గుతుంది. ఇల్లు రేకులదైతే కిటికీ దగ్గరికి తేవాలి, ఇనుప రేకుల కింద తరంగం లోపలికి రావడం కష్టం.

చీకటి పడ్డాక వేరే భాషల స్టేషన్లు లోపల గుసగుసలాడితే దానికి కంగారు పడక్కర్లేదు. పగలు ఈ తరంగాలను పీల్చేసే పొర ఒకటి పై వాతావరణంలో ఉంటుంది, పొద్దు గుంకాక అది పోతుంది, దాంతో ఎక్కడెక్కడి స్టేషన్లో ఆకాశానికి తగిలి ఇక్కడికి దిగుతాయి. అప్పుడు కూడా రేడియో తిప్పడమే మందు.

ప్రశ్న: మా మిద్దె మీద పాత దూరదర్శన్ అల్యూమినియం యాంటెన్నా ఇంకా ఉంది. దాంతో ఇప్పుడు టీవీ వస్తుందా? కనీసం కర్నూలు ఎఫ్ఎం అయినా వస్తుందా? మాకు సన్నగా, బుసబుసమంటూ వినిపిస్తుంది.
– డోన్ నుంచి

జవాబు: టీవీ రాదు. ఆ యాంటెన్నాలకు పంపే పాత పద్ధతి ట్రాన్స్‌మిటర్లను ప్రసార భారతి 2022 మార్చి నాటికి, కొన్ని ముఖ్యమైన చోట్ల తప్ప, దేశమంతా ఆపేసింది. ఎఫ్ఎంకు మాత్రం దాన్ని పారేయకుండా వాడుకోవచ్చు, అల్యూమినియం కడ్డీలు మంచివి.

కర్నూలు ఎఫ్ఎం 102.4 మెగాహెర్ట్జ్. దానికి సరిపోయే యాంటెన్నా మొత్తం పొడవు 140 సెంటీమీటర్లు, మధ్యలో కోసి రెండు చేతులు, ఒక్కొక్కటి 70 సెంటీమీటర్లు. ఆ రెండింటినీ మధ్యలో వేలెడంత ఖాళీ వదిలి ఒక ప్లాస్టిక్ పైపు ముక్కకు బిగించి, డిష్‌కు వాడే కేబుల్ మధ్య తీగను ఒక చేతికి, చుట్టూ ఉన్న అల్లికను రెండో చేతికి కలపండి. ఆ కేబులూ ఈ యాంటెన్నా ఒకదానికొకటి బాగా సరిపోతాయి, ఇంక మధ్యలో ఏ డబ్బా అక్కర్లేదు. కడ్డీలు దొరకకపోతే మామూలు కరెంటు తీగతో చేసినా చాలావరకు అంతే పనిచేస్తుంది. అనంతపురం వాళ్లకు 101.7 కాబట్టి ఇదే కొలత సరిపోతుంది. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి వినండి, ఏది బాగుంటే అది. ఎఫ్ఎం దాదాపు చూపు మేర మాత్రమే పోతుంది, యాభై కిలోమీటర్ల దూరానికి ఎత్తు చాలా ముఖ్యం, ఇంట్లో బల్ల మీద పెట్టే బదులు మిద్దె మీద పది అడుగుల పైపుకు కడితే తేడా మీరే వింటారు. మీ సెట్లో స్టీరియో, మోనో అని బటన్ ఉంటే మోనోలో పెట్టండి, బుసబుస సగం అక్కడే పోతుంది. ఉరుములు వినిపిస్తే మాత్రం సెట్టు వెనక కేబుల్ పీకేసి దూరంగా పెట్టాలి, మన సీమలో పిడుగులు ఎంతమందిని తీసుకుపోతున్నాయో చూస్తూనే ఉన్నాం.

ప్రశ్న: మా ఊరు లంకమల కొండల కింద. ఇంట్లో సెల్లు సిగ్నల్ లేదు, మిద్దె మీద మాత్రం మాట్లాడొచ్చు. ఆన్‌లైన్‌లో ఐదారు వేలకు బూస్టర్లు అమ్ముతున్నారు, తెప్పించమంటారా?
– డిగ్రీ విద్యార్థి, సిద్ధవటం మండలం

జవాబు: వద్దు బాబూ. అనుమతి లేకుండా వాటిని పెట్టుకోవడం చట్టానికి విరుద్ధం, 1933 నాటి వైర్‌లెస్ చట్టం నుంచీ ఉన్న నిబంధన అది. చట్టం ఒక్కటే కాదు, ఆ చవక డబ్బాలు సిగ్నల్‌తో పాటు చెత్తను కూడా పెద్దది చేసి టవర్ మీదికి పంపుతాయి. మీ ఇంట్లో రెండు గీతలు పెరిగితే ఊరు ఊరంతా మాటలు తెగిపోతాయి.

మీకు ముందు కావాల్సింది అంకె. గీతలు నమ్మొద్దు, ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది. సెట్టింగుల్లో ఫోన్ గురించి అనే చోట సిమ్ స్థితిలో సిగ్నల్ బలం మైనస్ అంకెలో ఉంటుంది. మైనస్ 90 అంటే బాగుంది, మైనస్ 110 అంటే కష్టం, 120 దగ్గర మాట తెగుతుంది. పది అంకెల తేడా అంటే బలంలో పది రెట్ల తేడా. ఆ అంకె చూస్తూ ఇల్లంతా తిరగండి, ప్రతి కిటికీ దగ్గరా ఒక్క నిమిషం ఆగండి. ఎక్కడో ఒక కిటికీ కొండ సందు వైపు తెరుచుకుని ఉంటుంది, అక్కడ పది అంకెలు మెరుగు దొరుకుతుంది. మీ ఇంట్లో వేరే కంపెనీల సిమ్ములు ఉన్న బంధువులు వచ్చినప్పుడు వాళ్ల అంకెలు కూడా చూడండి, తక్కువ ఫ్రీక్వెన్సీ వాడే నెట్‌వర్క్ కొండ మలుపుల్లోకీ గోడల్లోకీ కాస్త మెరుగ్గా దూరుతుంది. ఊళ్లోకి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చి ఉంటే ఇంక సమస్యే లేదు, ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే టవర్‌తో పని లేకుండా అదే నంబరుతో మాట్లాడొచ్చు. దీనికి వేరే చార్జీ ఉండదు, చాలామందికి ఈ సౌకర్యం తమ ఫోన్‌లోనే ఉందని తెలియదు.

ప్రశ్న: మార్చిలో ఓ వారం పాటు రోజూ పగలు పదకొండు దాటాక సరిగ్గా ఒకే సమయానికి మా ఫ్రీ డిష్ కొన్ని నిమిషాలు ఆగింది. ఆకాశంలో మబ్బు కూడా లేదు. తర్వాత దానంతటదే బాగైంది. ఏం జరిగింది?
– కర్నూలు నుంచి

జవాబు: మీ డిష్‌లో ఏ లోపమూ లేదు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చాడు. సూర్యుడి నుంచి వెలుతురుతో పాటు రేడియో తరంగాలు కూడా వస్తాయి, ఆ కొన్ని నిమిషాలు డిష్‌కు ఉపగ్రహం మాట సూర్యుడి హోరులో కలిసిపోతుంది. ఏడాదికి రెండుసార్లు ఇలా జరుగుతుంది. మన ప్రాంతానికి జీశాట్-15 లెక్కన మార్చి 13, 14 అటూ ఇటూ పదకొండుంబావు ప్రాంతంలో, మళ్లీ సెప్టెంబర్ 30 అటూ ఇటూ పదకొండుకు కొంచెం ముందు. వేరే డీటీహెచ్ వాళ్లకు ఉపగ్రహం వేరే చోట ఉంటుంది కాబట్టి సమయం మారుతుంది.

ఆ రోజుల్లో మిద్దె ఎక్కితే ఒక మంచి పని చేసుకోవచ్చు. టీవీ ఆగిన ఆ నిమిషాల్లో ఉపగ్రహం ఉన్న చోటే సూర్యుడు ఉంటాడు. కాబట్టి డిష్ పళ్లెం మీద ఎండ పూర్తిగా పడుతోందా, ఏ కొమ్మ నీడైనా పడుతోందా చూడండి. ఎల్ఎన్‌బీ నీడ తప్ప ఇంకేమీ లేకపోతే దారి శుభ్రంగా ఉన్నట్టు. కొమ్మ నీడ పడితే అదే మీ సిగ్నల్‌కు అడ్డం వచ్చే కొమ్మ, సున్నంతో దానికి గుర్తు పెట్టుకుని కిందికి దిగండి, సాయంత్రం చల్లబడ్డాక ఆ ఒక్కటి కొట్టేస్తే సరిపోతుంది, చెట్టంతా నరకనక్కర్లేదు.